బెల్ అన్నది "రా" అనా, "రండి" అనా?

అరసున్న: చిన్నప్పటి పాఠంలోని వాక్యం ఒకటి రెండు రోజులుగా బుర్ర తినేస్తోంది. గ్రాహంబెల్ టెలిఫోన్లో తన సహాయకుడు వాట్సన్‌తో పలికిన తొలి మాట. "వాట్సన్, ఇలా రా, నీతో పని ఉంది" అనా, "నిన్ను చూడాలి" అనా?

నల్లబల్ల: మా పుస్తకంలో "నువ్వు నాకు కావాలి" అని ఉండేది. క్లాసంతా ఒకటే నవ్వు.

వేపచెట్టు: ఆ తగువు ఇంగ్లీషులోనే ఉంది. 1876 మార్చి 10న బెల్ నోటుబుక్కులో రాసుకున్నది "చూడాలి" అనే. వాట్సన్ ముసలితనంలో రాసుకున్న జ్ఞాపకాల్లో అది "కావాలి" అయింది. బట్టల మీద యాసిడ్ ఒలికి బెల్ సాయానికి పిలిచాడన్న కథ కూడా వాట్సన్ చెప్పిందే. నోటుబుక్కులో ఆ ఊసే లేదు.

అరసున్న: సరేనండీ. మరి "ఇలా రా" ఖాయమేనా?

నల్లబల్ల: ఖాయమే. బెల్‌కి 29, వాట్సన్‌కి 22. పైగా తన దగ్గర పనిచేసే కుర్రాడు. రండి అంటాడా?

వేపచెట్టు: ఇంగ్లీషులో వాట్సన్ పేరుకి ముందు "మిస్టర్" ఉంది కదా మాస్టారూ! "వాట్సన్ గారూ, ఇలా రండి." ఆ "ండి" మింగేస్తే ఎలా?

నల్లబల్ల: పోతన గజేంద్రుడు సాక్షాత్తు విష్ణువునే "రావే" అన్నాడు. ఆపదలో ఉన్నవాడికి బహువచనం గుర్తుంటుందా?

వేపచెట్టు: ఆపద వాట్సన్ కథలోనే ఉందని ఇప్పుడేగా చెప్పాను!

ఉప్పుచేప: ఫోనెత్తితే "అహోయ్" అనాలని పట్టుబట్టిన మనిషి బెల్. "హలో" ఎడిసన్ వాటా. నన్నడిగితే ఆ అహోయ్ మన "ఓయ్"కి చుట్టమే. ఓయ్ అనేవాడు రండి అనడు.

వేపచెట్టు: అది ఓడవాళ్ళ కేక అన్నా, చుట్టరికాలు కలపకు.

ఉప్పుచేప: సరే, ఇది చెప్పండి. 1915లో బెల్ న్యూయార్క్ నుంచి, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న వాట్సన్‌తో ఫోన్లో మళ్ళీ అదే మాటన్నాడు. ఇప్పుడైతే రావడానికి వారం పడుతుందన్నాడు వాట్సన్. "పడుతుంది" అనా, "పడుతుందండీ" అనా?

నల్లబల్ల: అండీ ఉండాలి. అప్పటికి బెల్‌కి అరవై ఏడు.

వేపచెట్టు: వాట్సన్‌కీ అరవై దాటాయి!

అరసున్న: మరి "నీతో పని ఉంది" ఎక్కడిదండీ? నేనే కల్పించుకున్నానా?

ఉప్పుచేప: పోతన పేరెత్తారు కాబట్టి అడుగుతున్నా. ఆ పద్యం చివర "సంరక్షించు" అనా, "సంరక్షింపు" అనా? మా నాన్న "ింపు" అనేవారు.

నల్లబల్ల: "ించు".

వేపచెట్టు: గణాలకు రెండూ సరిపోతాయి మాస్టారూ. చెవికి మాత్రం "ింపు".