కన్వీనర్ కోటా ఎంబీబీఎస్ సీటు: ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నా విద్యారుణం తీసుకోవాలా?

ప్రశ్న (ఖమ్మం జిల్లా నుంచి)

నమస్కారం. కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్‌లో మా చెల్లెలికి ఒక ప్రైవేటు వైద్య కళాశాలలో కన్వీనర్ కోటా సీటు (ర్యాంకును బట్టి ప్రభుత్వం నిర్ణయించిన ఫీజుకు ఇచ్చేది) వచ్చింది. మేము బీసీలం, నాన్న పత్తి రైతు. తహశీల్దారు ఇచ్చిన ధ్రువపత్రంలో మా కుటుంబ ఆదాయం ఏడాదికి 1,20,000 రూపాయలని ఉంది. ట్యూషన్ ఫీజు 60,000 రూపాయల రీయింబర్స్‌మెంట్ కోసం ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-పాస్‌లో దరఖాస్తు చేస్తాం గానీ, హాస్టలుకూ మెస్సుకూ అంతకు మించి కట్టాలంటున్నారు. ఉన్న రెండెకరాలూ తాకట్టు పెట్టాల్సి వస్తుందేమోనని అమ్మ దిగులు పడుతోంది. రీయింబర్స్‌మెంట్ వచ్చేవారికి బ్యాంకు రుణం ఇస్తుందా?

జవాబు (విశ్రాంత బ్యాంకు ఉద్యోగి)

ఇస్తుందండీ. పొలం తాకట్టు పెట్టనక్కరలేదని ముందు అమ్మగారికి చెప్పండి. బ్యాంకుల సంఘం రూపొందించిన నమూనా విద్యారుణ పథకంలో 7.5 లక్షల వరకు ఆస్తి హామీ అడగరు. 4 లక్షల లోపైతే మీ వంతుగా మార్జిన్ సొమ్ము కూడా కట్టనక్కరలేదు. నాన్నగారు సహ రుణగ్రహీతగా సంతకం చేయాలి. హాస్టలు, మెస్సు, పుస్తకాల ఖర్చులు రుణంలో చేర్చవచ్చు కనుక, కళాశాల నుంచి ఏడాదివారీ ఖర్చుల అంచనా పత్రం తీసుకుని, చదువు మొత్తానికీ ఒకేసారి మంజూరు చేయించుకోండి. ఏటా కొత్తగా అడగడం మొదలుపెడితే, మేనేజరు మారినప్పుడల్లా కథ మొదటికొస్తుంది. రీయింబర్స్‌మెంట్ సంగతి మాత్రం బ్యాంకు దగ్గర దాచవద్దు. కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపు ఉన్నవారికి చదువు కాలంలోనూ, ఆపై ఏడాదీ వడ్డీని కేంద్రం భరించే పథకం ఉంది. దానికి మీ చెల్లెలి కళాశాల అర్హమో కాదో దరఖాస్తు రోజే అడిగి తెలుసుకుని, ఆదాయ ధ్రువపత్రం అప్పుడే జత చేయండి.

జవాబు (హౌస్‌సర్జన్, వరంగల్)

నేనూ ఇదే దారిలో చదివాను. మొదటి ఏడాది ప్రభుత్వం నుంచి సొమ్ము ఆలస్యమైతే, ఫీజు కడితేనే హాల్ టికెట్ ఇస్తామని కళాశాలలో చెప్పారు. అప్పుడు నాన్న వడ్డీకి తెచ్చిన 60,000 తీర్చడానికి రెండేళ్లు పట్టింది. అందుకే రీయింబర్స్‌మెంట్ ఉంది కదా అని రుణం మానుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. ఈ-పాస్ ఏటా రెన్యువల్ చేయాలి, బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానమై ఉండాలి. మీసేవలో నా వేలిముద్ర మూడుసార్లు పడలేదు. గడువు చివరి రోజు దాకా ఆగి ఉంటే ఆ ఏడాది రీయింబర్స్‌మెంట్ పోయేదే. అనాటమీకి ఎముకల సెట్టు కొత్తది కొననివ్వకండి, సీనియర్ల దగ్గర దొరుకుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. అంచనా పత్రం కోసం చెల్లెలు ఈ రోజే కళాశాలలో అర్జీ ఇచ్చింది. సోమవారం నాన్నతో కలిసి బ్యాంకుకు వెళ్తున్నాం.