గ్రిడ్‌కి ఇచ్చిన యూనిట్‌కీ, తీసుకున్న యూనిట్‌కీ ఒకే ధర ఉండాలా?

డాబామీదఎండ:
డాబా మీద సోలార్ ప్యానెళ్లు పెట్టుకున్నవాళ్లనీ, పెట్టుకోనివాళ్లనీ ఇద్దర్నీ అడుగుతున్నా. పగలు మనం వాడుకోగా మిగిలిన కరెంటు గ్రిడ్‌లోకి పోతుంది, రాత్రి మనకి కావలసింది గ్రిడ్ నుంచి వస్తుంది. నెట్ మీటరింగ్ ఉన్నచోట యూనిట్‌కి యూనిట్ చెల్లు. దాన్ని తీసేసి నెట్ బిల్లింగ్ అంటున్నారిప్పుడు. మనం కొనేది పూర్తి రేటుకి, మన దగ్గర పుచ్చుకునేది అందులో కొంత రేటుకి. కాలిఫోర్నియాలో పెద్ద ప్రైవేటు కరెంటు సంస్థల కింద 2023 ఏప్రిల్ 15 నుంచి దరఖాస్తు పెట్టినవాళ్లకి ఎక్స్‌పోర్టు విలువ, అంటే గ్రిడ్‌కి ఇచ్చిన యూనిట్‌కి దక్కే విలువ, సగటున నాలుగింట మూడొంతులు పడిపోయింది. నెదర్లాండ్స్‌లో 2027 జనవరి 1తో యూనిట్‌కి యూనిట్ చెల్లు పూర్తిగా ఆగిపోతుంది.

నా దృష్టిలో ఇది అన్యాయం. నా మేడ మీంచి బయటికెళ్లిన యూనిట్ ఎక్కడికో పోదు, పక్కింటి ఫ్రిజ్‌లోకి పోతుంది. పక్కింటాయన దానికి పూర్తి రేటే కడతాడు. వందల మైళ్ల లైన్లు లేవు, దార్లో నష్టం లేదు. మరి నాకెందుకు పావు వంతు?

తీగలలెక్క:
పక్కింటి ఫ్రిజ్ వాదన సగమే నిజమండీ. వీధి మొత్తం మీద మీ ఒక్క డాబా మీదే ప్యానెళ్లుంటే మీరన్నట్టే జరుగుతుంది. పది డాబాల మీద ఉంటే పక్కింటాయన ఫ్రిజ్ ఆయన సొంత ఎండ మీదే నడుస్తుంది. మీ యూనిట్ అప్పుడెవరిక్కావాలి?

అసలు గొడవ సాయంత్రం ఏడింటికి. ఎండ పోయి, అందరిళ్లలో ఒకేసారి ఏసీలు, పొయ్యిలు మొదలైనప్పుడు మీ ఇంటికీ కరెంటు కావాలి. దానికోసం ఎవరో ఒక విద్యుత్ కేంద్రాన్ని సిద్ధంగా ఉంచాలి, తీగలు ఆ భారానికి తగ్గట్టు వేయాలి. కాలిఫోర్నియా గ్రిడ్ నడిపే సంస్థ 2013లోనే దీన్ని గ్రాఫు వేసి చూపించింది. మధ్యాహ్నం పొట్ట కిందికి జారి, సాయంత్రం మెడ నిటారుగా లేచిన బాతులా ఉందని దానికి డక్ కర్వ్ అని పేరు పడింది.

జర్మనీ సంగతి చూడండి. 2025 ఫిబ్రవరి 25 నుంచి పెట్టిన కొత్త ప్యానెళ్లకి, చిన్నాచితకా మినహాయింపులు వదిలేస్తే, మార్కెట్లో ధర సున్నా కిందికి పోయిన వేళల్లో డబ్బులు కట్టరు. సున్నా కిందికి అంటే కరెంటు తీసుకున్నవాడికే ఎదురు డబ్బులిచ్చి వదిలించుకోవడం. అలాంటి గంటలో మీరిచ్చిన యూనిట్‌కి పూర్తి రేటు ఎవరిస్తారు?

ఇంకోమాట. యూనిట్‌కి యూనిట్ అన్నది ఎవరో కూర్చుని లెక్కగట్టిన ధర కాదు. పాత చక్రం మీటర్లు కరెంటు ఎదురొస్తే వెనక్కి తిరిగేవి. అమెరికాలో మిన్నెసోటా 1983లో చట్టం చేసినప్పుడు ప్యానెళ్లు పెట్టుకున్న ఇళ్లు ఎన్నని? పట్టించుకోవాల్సినంత సంఖ్యే కాదు. మీటరుకి వీలైంది గనక అది పద్ధతైపోయింది, అంతే.

అద్దెవాటా:
నాది అద్దిల్లు. డాబా ఓనరుది. ప్యానెళ్లు పెట్టుకోవాలన్నా నాకు దారి లేదు. స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు, లైన్‌మన్ జీతాలు, వీటిలో చాలా ఖర్చు యూనిట్ రేటులోనే కలిపి వసూలు చేస్తారు. మీ బిల్లు సున్నా అయిందని సంబరపడుతున్నప్పుడు మీ వాటా ఎవరి బిల్లులోకి వస్తోందో చెప్పండి. తీగని మీరు వాడుకోవట్లేదా అంటే మాకంటే ఎక్కువే. పంపడానికోసారి, తెచ్చుకోడానికోసారి.

డాబామీదఎండ:
అద్దెవాటా గారూ, ఎల్ఈడీ బల్బులు పెట్టుకుని, మంచి ఏసీ కొనుక్కుని బిల్లు సగానికి దించుకున్నవాడు కూడా తన వాటా మీ మీదికి నెట్టినట్టేనా? వాళ్లనెవరూ అడగరు. తీగల ఖర్చు ఫిక్స్‌డ్ ఛార్జీ కింద విడిగా చూపించమనండి, కడతా. అదీ ఒక హద్దు దాటకూడదు. స్పెయిన్ 2015లో సొంత కరెంటు వాడుకున్నవాళ్ల మీదే ఛార్జీ వేసింది. జనం దాన్ని ఎండ మీద పన్ను అన్నారు. 2018లో ఎత్తేయాల్సొచ్చింది.

మధ్యాహ్నం253:
ధర కోసం కొట్టుకుంటున్నారు గానీ, మీరిచ్చే కరెంటు అసలు బయటికి పోతోందో లేదో చూశారా?

మాది లైను చివరి ఇల్లు. ఎండ బాగా కాసే రోజు పన్నెండు దాటాక ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటుని ఇంటికీ గ్రిడ్‌కీ పనికొచ్చేలా మార్చే పెట్టె) తెర ముందు నిలబడితే తెలుస్తుంది. గ్రిడ్ వోల్టేజీ 246, 249, 251 అని పాకుతూ పోతుంది. 230 మీద పది శాతం, అంటే 253 దాటిందా, లోపల టక్కుమని రిలే (దానంతటదే ఆపేసే స్విచ్) పడుతుంది. ఎర్ర దీపం. జనరేషన్ సున్నా. కాసేపయ్యాక మళ్లీ గ్రిడ్‌ని చూసుకుని మెల్లగా మొదలుపెడుతుంది, మళ్లీ పడుతుంది. బయట ఎండ పెళపెళలాడుతుంటుంది. మన ప్యానెళ్లు ఖాళీగా పడుంటాయి.

కారణం మామూలే. బయటికి కరెంటు తోయాలంటే ఇన్వర్టర్ తీగలో ఉన్నదానికంటే కాస్త ఎక్కువ వోల్టేజీ పెట్టాలి. వీధిలో అందరూ ఒకేసారి తోస్తుంటే, ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా ఉన్నవాడి దగ్గర అది అందరికంటే పైకెక్కుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పక్కింటాయనకి ఈ బాధే లేదు. ఆయనవీ నావీ ఒకే ప్యానెళ్లు, ఆయన బిల్లు వేరు, నా బిల్లు వేరు. ఫిర్యాదు చేస్తే ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ తగ్గించేలా ట్యాప్ మారుస్తామన్నారు, ఇంతవరకు మార్చలేదు.

సౌత్ ఆస్ట్రేలియాలో ఇంకో అడుగు ముందుకేశారు. 2020 సెప్టెంబరు 28 నుంచి కొత్తగా పెట్టే ప్రతి ఇంటి సోలార్‌నీ అవసరమైతే దూరం నుంచే ఆపేసే ఏర్పాటు ఉండాలి. యూనిట్‌కి ఎంతిస్తారన్నది ఆ తర్వాతి మాట.

కొత్తగాపెడదామని:
మధ్యలో అడ్డొస్తున్నా, ఏమనుకోకండి. కరెంటు పోయినప్పుడు ప్యానెళ్ల మీద ఇల్లు నడుస్తుందా? అమ్మేవాళ్లు ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.

మధ్యాహ్నం253:
మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ అయితే నడవదు బ్రో. గ్రిడ్ పోగానే అదీ ఆగాలి. లేకపోతే స్తంభమెక్కిన లైన్‌మన్ చచ్చిన లైననుకుని మీ కరెంటు పట్టుకుంటాడు. బ్యాటరీతో పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్ పెట్టి, గ్రిడ్ నుంచి ఇంటిని విడదీసే స్విచ్ ఉంటేనే నడుస్తుంది. నడుస్తుందని నోటిమాటగా చెప్పేవాడి చేత కాగితం మీద రాయించుకోండి.

పగటిమోటారు:
ఇద్దరూ న్యాయం గురించి మాట్లాడుతున్నారు, లెక్క ఎవరూ వేయలేదు. నేను వేస్తా. ఒక ఇంట్లో రోజుకి ప్యానెళ్లు 20 యూనిట్లు తీశాయనుకోండి, ఇంటి వాడకం 16. అందులో ఎండ వేళ వాడింది 6. అంటే 14 బయటికి పోయాయి, రాత్రికి 10 తీసుకున్నారు.

నెట్ మీటరింగ్‌లో 4 యూనిట్లు మిగులు. ఇచ్చిన యూనిట్‌కి పావు రేటే అయితే, 14 యూనిట్ల విలువ మూడున్నర. 10 తీసుకున్నారు గనక ఆరున్నర యూనిట్ల డబ్బు మీరే ఎదురు కట్టాలి. అదే ఇల్లు, అదే ఎండ.

ఇప్పుడు నీళ్ల మోటారు, గీజరు, వాషింగ్ మెషీను, ఇస్త్రీ, వీటిని ఎండ వేళకి మార్చండి. పగటి వాడకం 11 అయింది. బయటికి 9, రాత్రికి 5. కట్టాల్సింది పావు తక్కువ మూడు యూనిట్లకి. ఒక్క ప్యానెల్ కొత్తగా పెట్టలేదు, బ్యాటరీ కొనలేదు, సగానికి పైగా తగ్గింది. గీజరుకో టైమర్ చాలు. కరెంటు అమ్ముకుని బతుకుదామనుకున్నవాడు ఎప్పుడూ ఆ ధర పెట్టేవాడి దయ మీదే ఉంటాడు. మన ఇంట్లో మనం వాడుకున్న యూనిట్‌కి రేటు ఎవడూ తగ్గించలేడు.

అందరూ పగలు ఇంట్లో ఉండరన్నది నిజమే, పొద్దున వెళ్లి రాత్రికొచ్చేవాళ్లకి ఈ లెక్క ఇంత బాగా రాదు.

పాతఒప్పందం:
డాబామీదఎండ గారి కోపం ధర మీద అనుకుంటున్నారందరూ. నాకు కనిపించే అసలు ప్రశ్న వేరు. రేపటివాళ్లకి ధర తగ్గించుకోండి, సరే. నిన్న పెట్టుకున్నవాళ్ల సంగతేంటి? ప్యానెళ్ల వారంటీ సాధారణంగా పాతికేళ్లు, లెక్కలన్నీ అన్నేళ్లకి వేసుకుంటారు. మధ్యలో ఇన్వర్టర్ ఒకసారి మార్చాల్సొస్తుంది, అదీ కలుపుకుంటారు. ఆట సగంలో ఉండగా నియమం మారిస్తే ఆ లెక్క అంతా పోయినట్టే.

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో ఇదే జరిగింది. 2015 డిసెంబరులో అక్కడ కరెంటు రేట్లు ఖరారు చేసే కమిషన్ ఫిక్స్‌డ్ ఛార్జీ పెంచి, ఎక్స్‌పోర్టు విలువ తగ్గించి, అప్పటికే ప్యానెళ్లు పెట్టుకున్నవాళ్లకి కూడా వర్తింపజేసింది. గోల గోలైంది. 2016లో పాతవాళ్లకి పాత పద్ధతే ఇరవయ్యేళ్లు ఉంచాల్సొచ్చింది. 2017లో చట్టం చేసి కొత్తవాళ్లకి రిటైల్ రేటులో 95 శాతంతో మొదలుపెట్టి, ప్యానెళ్లు పెరిగేకొద్దీ మెట్లుమెట్లుగా 75 శాతం దాకా దించారు.

బ్రిటన్ 2010లో ఫీడ్ ఇన్ టారిఫ్, అంటే తీసిన కరెంటుకి ముందే ఖాయం చేసిన ధర కట్టే పథకం, తెచ్చి 2019 మార్చి 31తో కొత్తవాళ్లకి మూసేసింది. అందులో సొంతానికి వాడుకున్న యూనిట్‌కి కూడా డబ్బిచ్చేవాళ్లు. ఎక్స్‌పోర్టు మీటరు లేని ఇళ్లకి తీసినదాంట్లో సగం బయటికి పోయినట్టు లెక్కేసి కట్టేవాళ్లు. అంత ఉదారంగా ఇచ్చినా, మూసినప్పుడు పాతవాళ్ల ఒప్పందం జోలికి పోలేదు. కాలిఫోర్నియా కూడా పాతవాళ్లని ఇరవయ్యేళ్లు వదిలేసింది. నా ఓటు దీనికే. ధర ఎంతైనా పెట్టండి, పెట్టిన ధర ఎన్నేళ్లుంటుందో సంతకం చేసి ఇవ్వండి.

తీగలలెక్క:
దీనికి నేనూ ఒప్పుకుంటా. కొత్తవాళ్లకి మాత్రం గంటను బట్టి ధర ఉండాలి. మధ్యాహ్నం తక్కువ, సాయంత్రం ఎక్కువ. అప్పుడు కొందరు ప్యానెళ్లని పడమటి వైపు తిప్పి పెడతారు, కొందరు బ్యాటరీ పెట్టి ఏడింటికి వదులుతారు. సాయంత్రం ఏడింటికి వచ్చిన యూనిట్‌కి పూర్తి రేటేం ఖర్మ, అంతకంటే ఎక్కువే ఇవ్వొచ్చు.

డాబామీదఎండ:
బ్యాటరీ ఖర్చు మీరు పెట్టుకుంటారా? ప్యానెళ్ల అప్పే ఇంకా తీరలేదు.

అద్దెవాటా:
గంటను బట్టి ధర అన్నారు గనక ఒకటి అడుగుతా. మధ్యాహ్నం కరెంటు అంత చవకైతే, ఎండ గారి దగ్గర పావు రేటుకి పుచ్చుకున్న యూనిట్‌ని అదే గంటలో నాకు పూర్తి రేటుకి ఎందుకు అమ్ముతున్నారు? కొనేటప్పుడు మధ్యాహ్నం, అమ్మేటప్పుడు మాత్రం సాయంత్రమా? ఆస్ట్రేలియా ప్రభుత్వం 2025 నవంబరులో ప్రకటించింది, కొన్ని రాష్ట్రాల్లో 2026 జులై నుంచి పగటిపూట మూడు గంటలు ఉచిత కరెంటు ఇచ్చే ప్లాను ఉండాలని, ప్యానెళ్లు లేనివాళ్లకి కూడా. అలాంటిదేదైనా ఉంటే నేను ఎండ గారి పక్షమో, తీగల గారి పక్షమో తేల్చుకోవాల్సిన పనే ఉండదు.

తీగలలెక్క:
దానికి ప్రతి ఇంటికీ గంటల వారీ రీడింగు తీసే స్మార్ట్ మీటరు ఉండాలి. ఉన్నచోట మీరడిగింది న్యాయమే. దీనికి నా దగ్గర ఎదురు మాట లేదు.

పగటిమోటారు:
అద్దెవాటా గారూ, అలాంటి ప్లాను వచ్చిన రోజు గీజరు టైమర్ ఎలా పెట్టాలో నేను చెబుతా, ఇక్కడే అడగండి.