"నామూలం లిఖ్యతే కించిత్" - ఒకే పేరాలో ఒకే పుస్తకం పేరు ఎన్నిసార్లు?

గుంటూరు నుంచి ఒక రీసెర్చ్ స్కాలర్ ప్రశ్న:

కృష్ణా ఆనకట్ట గురించి థీసిస్‌లో ఒక పేరా రాశానండీ. 1852లో పని మొదలైంది, 1855కి అయిపోయింది, 1952లో గండి పడింది, తర్వాత కట్టిన బ్యారేజీ 1957కి పూర్తయింది, దానికి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. అన్నీ ఒకే పుస్తకంలోవి. ప్రతి వాక్యం చివరా బ్రాకెట్లో ఆ పుస్తకం పేరు పెడితే మా గైడ్ గారు ఇదేంటమ్మా చదవనివ్వవా అన్నారు, సరే అని అన్నీ తీసేసి చివర ఒక్కటి ఉంచితే ఇంకో మేడమ్ మరి పైవన్నీ ఎక్కడివి అంటున్నారు. కాళిదాసు కావ్యాలకి వ్యాఖ్యానాలు రాసిన మల్లినాథుడు మూలం లేనిదే ఏదీ రాయనన్నాడు కదా, ఆ లెక్కన ప్రతిచోటా పెట్టాల్సిందేనా?

విజయవాడ నుంచి:

శ్లోకంలో సగమే పట్టుకున్నావమ్మా. పూర్తిగా ఇదీ:

ఇహాన్వయముఖేనైవ సర్వం వ్యాఖ్యాయతే మయా
నామూలం లిఖ్యతే కించిన్నానపేక్షితముచ్యతే

మూలం లేనిది రాయను అన్న నోటితోనే అక్కర్లేనిది చెప్పను అని కూడా అన్నాడు మహానుభావుడు. నీ గైడ్ గారు రెండో ముక్క పట్టుకున్నారు, ఆ మేడమ్ మొదటి ముక్క పట్టుకున్నారు, ఇద్దరిదీ తప్పు కాదు. ఆయన వ్యాఖ్యానం తిరగేస్తే అడుగడుక్కీ ఇత్యమరః ఇత్యమరః (అని అమరకోశ నిఘంటువు చెప్తోంది) అని కనిపిస్తుంది నిజమే, కానీ అక్కడ ఒక్కో మాటకీ ఒక్కో అర్థం, దేని ప్రమాణం దానిదే, పైగా పక్కనే విశ్వకోశమో ఇంకో నిఘంటువో వచ్చి కూర్చుంటుంది, చెప్పకపోతే ఏది ఎక్కడిదో తెలీదు. రెండు మాటలకీ అమరమే అయినప్పుడు వ్యాఖ్యాతలు "ఇత్యుభయత్రాప్యమరః" అని ఒక్కసారే కట్టేస్తారు. అంటే రెండు చోట్లా అమరమే అని. నీ ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది.

ఇప్పటి పద్ధతులూ దాదాపు అదే చెప్తాయి. ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వాళ్ల రచనా పద్ధతి) ఏడో ఎడిషన్ ప్రకారం ఒకే మూలం మీద పేరా అంతా నడుస్తుంటే మొదటి వాక్యంలో చెప్పి, అది ఎవరి మాటో స్పష్టంగా ఉన్నంతసేపు మళ్లీ చెప్పక్కర్లేదు, కొత్త పేరా ఎత్తుకుంటే మాత్రం మళ్లీ చెప్పాలి. ఎంఎల్‌ఏ పద్ధతిలో (మన బెజవాడ ఎమ్మెల్యే కాదండోయ్, మోడరన్ లాంగ్వేజ్ అసోసియేషన్ వాళ్లది) మధ్యలో వేరే మూలం దూరకపోతే పేరు ఒక్కసారి చెప్పి పేజీలన్నీ చివర ఒకేచోట ఇచ్చినా ఒప్పుకుంటారు.

నన్నడిగితే చివర ఒక్క బ్రాకెట్ పెట్టడం కన్నా మొదట్లో పేరు చెప్పడమే మేలు. చివర పెడితే అది ఆ ఒక్క వాక్యానిదా పేరా మొత్తానిదా అని చదివేవాడు వెనక్కి వెళ్లి వెతుక్కోవాలి, "ఫలానా ఆయన లెక్క ప్రకారం 1852లో" అని ఎత్తుకుంటే తర్వాత "ఆయనే అంటారు", "అదే పుస్తకంలో" అంటూ సాఫీగా పోతుంది. మధ్యలో నీ సొంత మాట ఒకటి వచ్చిందా, మళ్లీ పుస్తకంలోకి వెళ్లేటప్పుడు పేరు చెప్పు. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తే పేజీ నంబరుతో సహా అక్కడికక్కడే.

తెనాలి నుంచి ఒకరు:

ఇంత గొడవెందుకండీ, మనకి "అట" ఉందిగా. 1952లో గండి పడిందట, 1957కి పూర్తయిందట. అయిపోయె.

విజయవాడ:

అరుగు మీద కబుర్లకి బ్రహ్మాండంగా సరిపోతుంది మాస్టారూ. థీసిస్‌లో అట అంటే రాసినవాడికే నమ్మకం లేనట్టుంటుంది, పైగా ఎవరన్నారో చెప్పదు కదా అది.

మంగళగిరి నుంచి ఇంకొకరు:

ప్లేజరిజం (రాతచౌర్యం) పట్టే సాఫ్ట్‌వేర్‌కి భయపడి కూడా కొందరు వాక్యానికొక బ్రాకెట్ గుచ్చుతున్నారు. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018 రూల్స్‌లో 10 శాతం లోపు పోలికకి పెనాల్టీ లేదు, మూలం చెప్పి ఎత్తి రాసిన భాగాన్ని లెక్కలోంచి తీసేస్తారు, అనుకోకుండా కలిసిన మాటలు వరసగా 14 దాకా ఉన్నా వదిలేస్తారు. వాక్యాలు మక్కీకి మక్కీ దించి పక్కన బ్రాకెట్ పెట్టినంత మాత్రాన అది ఎత్తి రాసినట్టు కాదు, కొటేషన్ గుర్తులుండాలి.

అదే తెనాలి ఆయన:

సరే, ఫుట్‌నోట్‌లో "పైదే", "పైదే" అని రాసుకుంటూ పోతే?

విజయవాడ:

పాత థీసిస్‌ల నిండా అదేగా. కంప్యూటర్లో ఒక పేరా తీసి కిందకి జరిపితే ఆ పైదే కాస్తా ఎవరి నెత్తిన పడుతుందో ఆ దేవుడికే తెలియాలి. చికాగో మాన్యువల్ (ఇదీ ఒక రచనా పద్ధతుల పుస్తకమే) వాళ్లు కూడా 2017 ఎడిషన్‌లో అలాంటివి తగ్గించి రచయిత పేరూ పుస్తకం పేరూ పొట్టిగా మళ్లీ ఇవ్వమన్నారు.

గుంటూరు అమ్మాయి:

మార్చి రాశానండీ. మొదటి వాక్యంలో రచయిత పేరూ సంవత్సరమూ, బ్యారేజీ దగ్గర "అదే పుస్తకం ప్రకారం", చివర పేజీలు. ఆఖరి వాక్యం: "ఈ గండి వల్లే కొత్త బ్యారేజీ ఆలోచన వెంటనే ఊపందుకుంది."

విజయవాడ:

బావుంది. ఆ ఆఖరి వాక్యం పుస్తకంలోదా, నీదా?

గుంటూరు అమ్మాయి:

నాదేనండీ.

విజయవాడ:

అయితే పేజీ నంబర్లు దానికి ముందు వాక్యం చివరికి జరుపు. ఆ "వెంటనే" అన్నదానికి ఆధారం చూసుకో, లేకపోతే తీసెయ్.