విరేచనాలు ఆగకపోయినా ఓఆర్‌ఎస్ ఎలా పనిచేస్తుంది? (చర్చ)

నెల్లూరు అమ్మమ్మ:
ఏడాది దాటిన మా మనవడికి వాంతులతో మొదలై నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. ఓఆర్‌ఎస్ తాగించినదంతా కిందికే పోతున్నదని, కాసేపు కడుపు ఖాళీగా ఉంచమని ఇరుగుపొరుగు వారు చెప్పారు. డాక్టరు గారు మాత్రం ఆపవద్దన్నారు. పిల్లవాడు తేరుకున్నాడు గాని, పాడైన పేగులోంచి ఆ నీరు ఒంటికి ఎలా పట్టిందో నాకు అంతుపట్టలేదు.

శరీరశాస్త్రం మాష్టారు:
అమ్మా, పెద్దవారు తాగేది రెండు లీటర్లే అయినా, లాలాజలం, జఠరరసం, పైత్యరసం వంటివన్నీ కలిసి రోజుకు ఎనిమిది తొమ్మిది లీటర్ల ద్రవం పేగులోకి చేరుతుంది. మలంతో పోయేది 100 నుంచి 200 మిల్లీలీటర్లు మాత్రమే. పేగు నీటిని నేరుగా లాక్కోలేదు, సోడియం ఎటు వెళితే నీరూ అటే వెళుతుంది. ఉదాహరణకు కలరానే తీసుకుంటే, ఆ క్రిమి విషం పేగు కణాలలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత రసాయనాన్ని విపరీతంగా పెంచడంతో క్లోరైడ్ ద్వారాలు తెరుచుకుని ఉండిపోతాయి. క్లోరైడ్ పేగులోకి కారుతుంది, దాని వెంట సోడియం, నీరు కూడా పోతాయి. ఉప్పు లోపలికి వచ్చే మామూలు దారుల్లో ఒకటి అదే సమయంలో మూతబడుతుంది. అయితే గ్లూకోజ్‌తో జతకట్టి సోడియంను లోపలికి చేర్చే ప్రోటీన్ జోలికి ఆ విషం పోదు. ఓఆర్‌ఎస్ నడిచేది ఆ దారినే. అది కారడాన్ని ఆపదు, పోయినదాన్ని పూడుస్తుంది. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ చాలకపోతే డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీటినే తాగించారు. కలరా మరణాలు సుమారు 30 శాతం నుంచి 3.6 శాతానికి తగ్గాయి.

పాలమూరు ఏఎన్‌ఎం:
మాష్టారు గారు చెప్పిన ఆ ఉప్పు, గ్లూకోజ్ జత చెడేది మన గ్లాసులోనే. సగం పొట్లం గ్లాసుడు నీళ్లలో కలిపి, మిగతా సగం మడిచి అలమరలో పెట్టిన ఇళ్లు నేను చాలా చూశాను. 20.5 గ్రాముల పొట్లంలో ఉప్పు 2.6, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9 గ్రాములు ఉంటాయి. ఆ మొత్తాన్ని ఒకేసారి, కొలిచిన లీటరు నీళ్లలోనే కలపాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. కలిపి 24 గంటలు దాటితే పారబోయాలి. బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోయినా, మలంలో రక్తం కనిపించినా ఆసుపత్రికి తీసుకువెళ్లవలసిందే.

ఫ్రీమాంట్ తల్లి:
మా పాప ఓఆర్‌ఎస్ ఉప్పగా ఉందని ఉమ్మేస్తుంది. పళ్ల రసం ఇస్తే గ్లూకోజ్ అందదా?

శరీరశాస్త్రం మాష్టారు:
అందుతుందమ్మా, కానీ తోడుగా కావలసినంత సోడియం ఉండదు. పైగా పీల్చుకోకుండా మిగిలిన చక్కెర ఒంట్లోని నీటిని పేగులోకి లాగి విరేచనాలను పెంచుతుంది. తియ్యటి పానీయాలను ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మరాదని మన దేశ ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. అందుకోసం ఏళ్ల తరబడి పోరాడినది హైదరాబాదు పిల్లల వైద్యురాలే.

నెల్లూరు అమ్మమ్మ:
సంతోషం, నాయనా. విరేచనాలు కట్టిన తరువాత కూడా డబ్బా పాలు పడితే కొన్నాళ్లు పలచగానే అయ్యేది. అదెందుకు?

శరీరశాస్త్రం మాష్టారు:
ఆ వయసులో తరచుగా వచ్చేది రోటావైరస్, అది చేసే నష్టం వేరు. పేగు లోపలి సన్నని మొలకల కొసన ఉండే కణాలను అది చంపుతుంది. నీటిని, ఉప్పును పీల్చేవీ, పాలలోని చక్కెరను అరిగించే లాక్టేజ్‌ను మోసేవీ ఆ కణాలే. అడుగున ద్రవం వదిలే కణాలు మాత్రం పనిచేస్తూనే ఉంటాయి. కొసన కొత్త కణాలు పెరిగేదాకా కొందరికి పాలు పూర్తిగా అరగవు. తల్లిపాలు మాత్రం ఎప్పుడూ ఆపకూడదు.

పాలమూరు ఏఎన్‌ఎం:
జింక్ కూడా మరవకండి. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజులు ఇస్తాము. విరేచనాలు రెండో రోజే తగ్గాయని చాలామంది మధ్యలో మానేస్తున్నారు.