అప్‌డేట్: సాయంత్రం క్లాసు పిల్లలు నోరు విప్పారు

రెండు నెలల కిందట అడిగాను కదా, మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో బడి వదిలాక 6, 7, 8 తరగతుల పిల్లలకు గంటసేపు లెక్కలు చెప్తున్నా, ఒక్కరూ నోరు మెదపరు, సగం మంది మధ్యలోనే జారుకుంటారు, ఏం చేయాలి అని. ముందు తినడానికి ఏదైనా పెట్టండి, బోర్డు వదిలేసి వాళ్ల మధ్య కూర్చోండి అన్నారు. రెండూ చేశాను.

మధ్యాహ్న భోజనం తర్వాత సాయంత్రం 5 దాకా వాళ్ల కడుపులో ఏమీ పడదని నాకు తట్టనే లేదు, సిగ్గుగా ఉంది. ఇప్పుడు ఉడికించిన శనగలో, పల్లీపట్టీయో ఇస్తున్నా. జారుకునేవాళ్లు దాదాపు లేరు.

ఇక భిన్నాలు. 1/3, 1/4 కలిపితే 2/7 అని క్లాసంతా ఒకటే మాట. 2/7 అసలు 1/3 కంటే తక్కువ, కలిపితే తగ్గుతుందా అంటే మళ్లీ మౌనం. 12 చింతపిక్కలు చేతికిచ్చి మూడో వంతు, నాలుగో వంతు తీసి పక్కన పెట్టమన్నా. 4, 3. "సార్, 12లో 7!" అని అరిచింది ఎవరనుకున్నారు, రోజూ గోడకానుకుని కూర్చునే ఏడో తరగతి అబ్బాయి. ఇప్పుడు ఆరో తరగతి వాళ్లకు వాడే చెప్తున్నాడు, నిజానికి నాకంటే బాగా.

పక్క ఊరి ఆడపిల్లల సంగతే తేలలేదు. క్లాసు అయ్యేలోపే వాళ్ల బస్సు వెళ్లిపోతుంది. భోజన విరామంలో 20 నిమిషాలు ఇమ్మని హెడ్మాస్టర్ గారిని అడిగాను, సోమవారం చెప్తామన్నారు.