ఫ్యాటీ లివర్ ట్రయల్‌లో చేరమంటున్నారు, బయాప్సీ తప్పదా?

లివర్_టెన్షన్: ఫైబ్రోస్కాన్‌లో (లివర్ గట్టిదనం కొలిచే స్కాన్) ఎఫ్2 వచ్చింది, అంటే లివర్‌లో ఓ మోస్తరు మచ్చ (ఫైబ్రోసిస్) ఉందట. కొత్త మందు ట్రయల్ ఉంది, చేరండి అంటున్నారు డాక్టరు గారు. ముందొక బయాప్సీ (సూదితో లివర్ ముక్క తీసి చూడటం), చివర్లో ఇంకొకటట. చేయించుకున్నవాళ్లు చెప్పండి. షుగర్ మాత్రలు ఆపాలా?

నిదానం: బయాప్సీకి అంత భయం వద్దండీ. పక్కటెముకల మధ్య మత్తు ఇచ్చి, ఊపిరి వదిలి బిగబట్టమంటారు, టక్కున అయిపోతుంది. అసలు కష్టం ఆ తర్వాత, కుడిపక్కకి తిరిగి గంటలకొద్దీ కదలకుండా పడుకోవాలి, నొప్పి భుజం దాకా లాగుతుంది. నాకు ఒళ్లు మండింది వేరేదానికి. అంతకాలం తిరిగితే, చివరికి నాకిచ్చింది ఉత్తుత్తి మందని చెప్పారు!

నిక్కచ్చి: జబ్బు మనిషికి ఉత్తుత్తి మందివ్వడం పచ్చి మోసం.

ట్రయల్_కోఆర్డినేటర్: మోసమనకండి. ఏళ్లుగా నా పని ఇదే. సంతకం పెట్టే కాగితంలోనే ప్లాసిబో (ఉత్తుత్తి మందు) సంగతి రాసి ఉంటుంది. సెమాగ్లుటైడ్ (షుగర్‌కీ, బరువు తగ్గడానికీ వాడే ఇంజెక్షన్) మీద జరిగిన ఎసెన్స్ ట్రయల్‌లో 72 వారాలకి మందు వాడినవాళ్లలో 62.9 శాతం మందికి మచ్చ ముదరకుండా లివర్ వాపు తగ్గింది. ప్లాసిబో వాళ్లలోనూ 34.3 శాతం మందికి తగ్గింది. ఆ రెండో అంకె లేకపోతే మందు పని ఎంతో ఎలా తెలుస్తుంది?

నిక్కచ్చి: ఆ 72 వారాల్లో ఎవరికైనా మచ్చ ముదిరితే పూచీ ఎవరిది? అది చెప్పండి ముందు.

కడుపుబాధ: ప్లాసిబోని తీసిపారేయకండి. నాది ఐబీఎస్ (కడుపునొప్పి, విరేచనాల తేడాలతో వేధించే పేగు సమస్య). 2010లో 80 మందితో చేసిన ట్రయల్‌లో, ఇందులో మందు లేదని ముందే చెప్పి మాత్రలిస్తే 59 శాతం మందికి ఉపశమనం, మాత్రలివ్వని వాళ్లలో 35 శాతమే.

నిక్కచ్చి: ఐబీఎస్‌కీ ఫైబ్రోసిస్‌కీ పోలికేంటండీ? మనసు కుదుటపడితే కడుపు నెమ్మదిస్తుందేమో గానీ మచ్చ కరగదు.

తీపి_వద్దు: మందుల గొడవెందుకు, బ్రిటన్‌లో షుగర్ వాళ్లమీద చేసిన ‘డైరెక్ట్’ అనే ట్రయల్ చూడండి. మొదట్లో కొన్ని నెలలు రోజుకి సుమారు 850 కేలరీలే, ఏడాదికల్లా 46 శాతం మందికి షుగర్ రెమిషన్ (మందులు లేకుండానే షుగర్ అదుపులోకి రావడం)! నేనూ బరువు తగ్గాకే షుగర్ మాత్రలు మానేశాను, డాక్టరు దగ్గరుండి మాన్పించారు.

వికారంతో_విసుగు: రెండేళ్లకి అది 36 శాతానికి దిగింది, ఆ మాట చెప్పరేం? సెమాగ్లుటైడ్ ఇంజెక్షనూ అంతే. ఆ వికారమంతా భరించి తగ్గితే, ఆపిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చేసిందని దాని మీద చేసిన స్టెప్ 1 ట్రయల్ వాళ్లే రాశారు.

లివర్_టెన్షన్: షుగర్ మాత్రల సంగతి ఎవరూ చెప్పలేదు.

నిదానం: మీ అంతట మీరు అస్సలు ఆపకండి. చాలా ట్రయల్స్‌లో షుగర్ మందుల డోసు కొంతకాలంగా మారకుండా ఉండాలంటారు. రక్తం పలచబరిచే మాత్రలేమైనా వాడుతుంటే మాత్రం బయాప్సీకి ముందే తప్పకుండా చెప్పండి.