ఆ పాటలోకి నిమ్మచెట్టు ఎలా వచ్చింది?

మొదటి పోస్టు:
మిత్రులకు నమస్కారం. హాస్టలు రోజుల్లో ప్రతి రెండో ఫోనూ “మాయా హీ, మాయా హూ” అంటూ మోగేది. ఆ పాట పేరు “ద్రాగొస్త్యా దిన్ తేయ్” అని నిన్ననే తెలిసింది. అనువాద యంత్రానికి ఇస్తే “నిమ్మచెట్టు నుండి ప్రేమ” అంది. ఇది ఏ భాష? ప్రేమకు నిమ్మతో ఏమి పని?

వ్యాఖ్య:
నిమ్మ తప్పు ఇంగ్లీషుది. ‘తేయ్’ అనే చెట్టును బ్రిటన్‌లో లైమ్ అంటారు, పుల్లటి కాయకూ అదే పేరు. యంత్రం కాయను పట్టుకుని చెట్టును వదిలేసింది. తేయ్‌కి నిమ్మతో చుట్టరికమే లేదు. ఆకు రావాకులా గుండె ఆకారంలో ఉంటుంది, కాకపోతే అంచున రంపపు పళ్లు. జూన్ ప్రాంతంలో లేత పసుపు పూలు గుత్తులుగా వేలాడతాయి. ఆ పూలు ఎండబెట్టి టీ కాచుకుంటారు. మన వైపు బంధువును వెతకాలంటే ఫాల్సా చెట్టు, అదీ దూరపు వరస.

భాష రొమేనియన్. ‘ద్రాగొస్తె’ అంటే ప్రేమ. చివర ‘ఆ’ చేరితే ‘ఫలానా ప్రేమ’ అని నిర్దేశం. ఇంగ్లీషులో మాటకు ముందు వచ్చే ‘ద’ ఇక్కడ మన విభక్తిలా వెనక అతుక్కుంటుంది. ‘దిన్’ అంటే ‘లోని’ లేదా ‘నుంచి’. అక్షరార్థం ‘తేయ్‌లోని ప్రేమ’. ‘ద్రాగొస్త్యా దింతీయ్’ అంటే ‘తొలిప్రేమ’. రెండూ పక్కపక్కన పలికి చూడండి. కావాలనే వేసిన శ్లేషో కాదో గానీ, ఆ భాషవారి చెవికి అది తట్టకుండా ఉండదు.

మొదటి పోస్టు రాసినవారు:
ధన్యవాదాలు. పాడినవాళ్లది మోల్దోవా అని చదివాను. మరి రొమేనియన్ అంటున్నారేమిటి?

వ్యాఖ్య:
రెండూ నిజమే. పాట కట్టిన డాన్ బలాన్ 1979లో మోల్దోవా రాజధాని కిషినావ్‌లో పుట్టాడు. అప్పుడది సోవియట్ మోల్దావియా. ఈ భాషనే అక్కడ ‘మోల్దావియన్’ అని పిలిచి రష్యన్ లిపిలో రాయించేవారు. 1989 ఆగస్టు 31న చట్టం లాటిన్ లిపిని తిరిగి తెచ్చింది. అప్పటికి బలాన్‌కి పదేళ్లు. నేర్చుకున్న అక్షరాలు మారి, మాట మాత్రం మారని తరం అది. చట్టాలన్నింటిలో ‘రొమేనియన్’ అనే పేరే వాడాలని మోల్దోవా పార్లమెంటు తీర్మానించడానికి 2023 దాకా పట్టింది.

ఈయన మొదలుపెట్టింది పాప్‌తో కాదు, ఇన్ఫెరియాలిస్ అనే భారీ మెటల్ బృందంతో! 1999లో పెత్రు జెలిహోవ్‌స్కీతో కలిసి, తర్వాత ఈ పాట పాడిన ఓ-జోన్ బృందాన్ని పెట్టాడు. జెలిహోవ్‌స్కీ వెళ్లిపోయాక 2001లో ఆర్సేనియె తొదిరాష్, రాదు సర్బు చేరారు. మరుసటి ఏడు ముగ్గురూ రొమేనియాకు మకాం మార్చారు. భాష ఒకటే కావడం అక్కడ అక్కరకొచ్చింది. 2003లో ఈ పాట, 2004లో జర్మనీ, ఫ్రాన్సుల్లో మొదటి స్థానం. 2005లో బృందం విడిపోయింది.

ఇంకొకరు:
మాకు “నువ్వా, మా...” అన్నట్టు వినిపించే ముక్క ఒకటుంది కదా, “నుమా నుమా”. అదీ ‘మాయా హీ’లాగా ఊతపదమేనా?

వ్యాఖ్య:
‘మాయా హీ’కి అర్థం లేదు. ఇది మాత్రం అసలైన వాక్యం: ‘ను మ యేయ్’, ‘నన్ను తీసుకుపోవు’ అని. వెళ్లిపోతున్న మనిషితో పడే మొర. జనం అందులోంచి రెండు మాటలు తెంపి ‘నుమా’ చేశారు. ‘మ’ను సాగదీయకండి, అక్కడున్నది మన హ్రస్వమైన అకారానికి దగ్గరి ధ్వని.

నాకు ముచ్చటైనది వ్యుత్పత్తి. ‘ను’ లాటిన్ ‘నోన్’ నుంచి వచ్చింది. అందులోని నకారం సంస్కృత ‘న’కు సోదరి. ‘మ’ అంటే ‘నన్ను’, సంస్కృతంలో ‘మామ్’. ‘యేయ్’ లాటిన్ ‘లెవారె’ నుంచి: తేలిక చేయడం, పైకెత్తడం, అక్కడి నుంచి తీసుకోవడం. దాని మూలమైన ‘లెవిస్’, మన ‘లఘు’ ఒక తల్లి పిల్లలు. చిత్రం ఏమిటంటే, ఇంత లాటిన్ మధ్య ‘ద్రాగొస్తె’ మాత్రం స్లావుల నుంచి, అంటే రష్యన్ కుటుంబపు భాషల నుంచి, తెచ్చుకున్న మాట.

మొదటి పోస్టు రాసినవారు:
అయితే తెలుగులో ‘తేయ్ చెట్టు ప్రేమ’ అనాలా, ‘తేయ్ చెట్ల ప్రేమ’ అనాలా?

వ్యాఖ్య:
ఏకవచనమూ ‘తేయ్’, బహువచనమూ ‘తేయ్’. ఒక చెట్టో, తోపో వాళ్లు చెప్పలేదు. నేనైతే ‘తేయ్ నీడ ప్రేమ’ అంటాను. నీడ నా సొంత చేర్పు, ఒప్పుకుంటున్నాను.